అత్తగారి కంప్యూటర్‌కి ఇద్దరు అల్లుళ్లు

ఆ ఆదివారం ఉదయం చిన్నల్లుడి పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకి అత్తగారు కంప్యూటర్ ముందు కూర్చుని పాఠం చెబుతారు. ఆ తర్వాత అందరూ భోజనాలకి కూర్చుంటారు. తోడల్లుడు కూడా భోజనానికి వస్తున్నాడు. అప్పుడు తను గొంతు సవరించుకుని, రెండు నెలలుగా కడుపులో దాచుకున్న రహస్యం బయటపెడతాడు. తోడల్లుడు నోరు వెళ్లబెడతాడు. ఆ వెళ్లబెట్టిన నోరు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ గడ్డం గీసుకుంటే రెండు చోట్ల తెగింది.

రహస్యం ఏమిటంటే, అత్తగారి కంప్యూటర్‌ని నడిపిస్తున్నది అత్తగారు అనుకుంటున్న సిస్టం కాదు. అది లినక్సు.

చిన్నల్లుడు బీమా కంపెనీలో గుమాస్తా. అది పొట్ట కోసం. మనశ్శాంతి కోసం లినక్సు. దాన్ని డబ్బు పెట్టి కొనక్కర్లేదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చు అని అతను పెళ్లిచూపుల్లోనే చెప్పాడు. పిల్ల అప్పుడు తల ఊపింది, ఆ ఊపిన తలకి ఇప్పటికీ అనుభవిస్తోంది. అతను వస్తున్నాడంటే వీధిలో జనం లాప్‌టాప్‌లు తీసి దిండ్ల కింద పెట్టుకుంటారు. "మాది బాగానే పనిచేస్తోంది బాబూ" అని, అతను నోరు తెరవకముందే చెప్పేస్తారు.

పెద్దల్లుడు కంప్యూటర్ల షోరూంలో మేనేజరు. మనిషి మంచివాడే కానీ, "లైసెన్సు" అనే మాట లేకుండా ఒక్క వాక్యం పూర్తి చేయలేడు. "ఊరికే వచ్చినదానికి విలువుండదు తమ్ముడూ. ఆ లినక్సు నీలాంటి తీరిక ఉన్నవాళ్లకి. మామూలు మనుషులు ముట్టుకుంటే ఏడుపే" అంటాడు. "మామూలు మనుషులకి నువ్వే భయం పెడుతున్నావన్నయ్యా" అంటాడు చిన్నల్లుడు. ఏ ఆదివారం కలిసినా ఈ గొడవ పప్పు దగ్గర మొదలై పెరుగు దాకా సాగేది. ఇద్దరూ మామూలు మనుషుల గురించే కొట్టుకునేవారు గానీ, ఎదురుగా వడ్డిస్తున్న మామూలు మనిషిని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

రెండు నెలల కిందట అత్తగారి కంప్యూటర్ ముసలిదై మూలగడం మొదలుపెట్టింది. మీట నొక్కి స్నానానికి వెళ్లి వచ్చినా ఇంకా లేస్తూనే ఉండేది. "కాస్త శుభ్రం చేసి పెడతారా బాబూ" అని ఆవిడ చిన్నల్లుడిని అడిగారు. కొంపలు ముంచే మాటలు ఇంత మామూలుగానే ఉంటాయి. ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్లిన రోజు చూసుకుని, అతను పాఠాలన్నీ జాగ్రత్తగా పక్కకి తీసిపెట్టి, పాత సిస్టం మొత్తం ఊడ్చేసి లినక్సు ఎక్కించాడు. ఎక్కించి ఊరుకోలేదు. దానికి పాతదాని వేషం వేశాడు. వెనక అదే నీలం రంగు, అవే బొమ్మలు, అవే చోట్ల.

చోటు అంగుళం కూడా తప్పకూడదు, ఎందుకంటే అత్తగారి కంప్యూటర్ తెర మీద బిళ్లలు ఉంటాయి. మొదట్లో కంప్యూటర్ నేర్పమని అడిగితే చిన్నల్లుడు ఎక్కడ నొక్కాలో చెప్పడం మానేసి సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడ ఓపిగ్గా విని, మర్నాడు బజారుకి వెళ్లి రంగు రంగుల గుండ్రటి అంటుకాగితాలు కొనుక్కొచ్చి తెర అద్దం మీద అంటించుకున్నారు. ఎరుపు దగ్గర నొక్కితే వీడియో క్లాసు. నీలం దగ్గర నొక్కితే రాసుకునే పలక. ఆకుపచ్చ మామగారి పేకాట. పసుపు నొక్కితే ఆపేయడం. ఆవిడ కంప్యూటర్ చదువు అంతటితో పూర్తయింది. ఏ లోటూ లేకుండా సాగిపోతోంది.

లినక్సు ఎక్కించాక ఆవిడ ఒక్కసారే కంప్యూటర్ మాట ఎత్తారు. "మీరు శుభ్రం చేశాక బాగా తొందరగా లేస్తోంది బాబూ." ఆ మాటకి చిన్నల్లుడు మేడ మీద తమ వాటాలోకి పరుగెత్తి, తలుపు వేసుకుని గంతులేశాడు. మామూలు మనిషి, అందులోనూ అరవై దాటిన అత్తగారు, రెండు నెలలు లినక్సు వాడి గుర్తే పట్టలేదు. ఇంతకన్నా రుజువేం కావాలి?

కానీ ఆ పూట పాఠం ఆవిడకి రుజువు కోసం కాదు. పెళ్లయిన ఏడాది నుంచి నిరుటి దాకా ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక ఇల్లు బావురుమంది. చెప్పడానికి ఎవరూ దొరక్క కూరగాయల అతని మొత్తాలు సరిదిద్దడం మొదలుపెడితే, అతను వీధి మార్చేశాడు. ఇప్పుడు ఒక ఆన్‌లైన్ బడివాళ్లు ఆవిడ పాఠం ఒకటి విని చూస్తామన్నారు. నచ్చితే రోజూ క్లాసు. నచ్చకపోతే మళ్లీ కూరగాయలే. ఆవిడ పైకి ఏమీ అనలేదు గానీ వారం నుంచి బట్టల బీరువాకి భిన్నాల పాఠం చెబుతున్నారు. అది ఆవిడకి ఎంత కావాలో ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

భోజనానికి రావలసిన పెద్దల్లుడు టిఫిన్ వేళకే దిగాడు. పెద్దమ్మాయి ఆసుపత్రిలో నర్సు, ఆ రోజు డ్యూటీ, అందుకని ఒక్కడే వచ్చాడు. చేతిలో మెరిసే పెట్టె.

"అత్తయ్యకి ఇంత ముఖ్యమైన రోజున ఊరికే వచ్చి తిని పోతానా మామయ్యా! మెషిన్ ఓసారి చెక్ చేసి, ఇది వేసి పెడతా. మా షోరూంలో అమ్మే యాంటీ వైరస్. ఏడాది లైసెన్సు. నా బహుమతి."

మేడమెట్లు దిగుతున్న చిన్నల్లుడి చెవిన ఈ మాట పడింది. చివరి నాలుగు మెట్లూ దిగకుండానే దూకాడు.

"వద్దన్నయ్యా! దాన్ని ముట్టుకోకు!"

"ఏం?"

ఏమని చెప్పాలి? నిజం చెప్పే ముహూర్తం భోజనాల దగ్గర పెట్టుకున్నాడు. ఇప్పుడు బయటపడితే రుజువు కాస్తా దొంగతనం అయిపోతుంది.

"అది... వేడెక్కి ఉంది."

"ఇంకా మీటే నొక్కలేదు కదయ్యా" అన్నారు పేపర్ చదువుతున్న మామగారు.

"లోపల మామయ్యా. లోపలి వేడి. పైకి తెలీదు."

మామగారు పేపర్ మడిచారు. ఆయన అగ్నిమాపక కేంద్రంలో ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరైనా ఆయన ముందు తెలిసి తెలిసి ఆడకూడని అబద్ధం ఒకటుంటే, అది వేడి గురించిన అబద్ధం. పైకి తెలియని లోపలి వేడి ఎన్ని గోడౌన్లని బూడిద చేసిందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఎవరూ దగ్గరికి రావద్దు" అంటూ లేచారు.

అల్లుళ్లిద్దరూ తేరుకునేలోగా ఆయన కంప్యూటర్ ప్లగ్గు పీకేశారు. కిటికీలు బార్లా తెరిచారు. స్టాండు ఫ్యాను ఈడ్చుకొచ్చి ఎదురుగా పెట్టారు. "లోపలికి వెళ్లలేనప్పుడు ముందు చుట్టూ చల్లబరచాలి" అని చెబుతూ, బకెట్టు నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, తెర అద్దాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కసిగా తుడిచారు. ఒకసారి కాదు. ఆయన సర్వీసులో ఏ పనీ ఒకసారి చేసి వదల్లేదు.

"మామయ్యా! బిళ్లలు!" అని చిన్నల్లుడు కేక పెట్టేసరికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు బిళ్లలు బకెట్లో తేలుతున్నాయి.

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. "ఒక పూర్తి వస్తువుని సమాన భాగాలు చేస్తే..." బీరువా బుద్ధిగా వింటోంది.

"దుమ్ము పట్టి ఉంటుంది మామయ్యా. వేడికి కారణం అదే. కారులో స్క్రూడ్రైవరుంది, తెస్తా" అంటూ పెద్దల్లుడు బయటికి వెళ్లాడు. ఆ సందులో చిన్నల్లుడు బకెట్లో చేయి పెట్టాడు. అబద్ధమాడినవాడికి అడుగడుగునా పనే. ఎరుపు వెలిసి గులాబీ అయింది. పసుపు తెల్లబడింది. నీలం, ఆకుపచ్చ ఒకదాని రంగు ఒకటి తాగి, కవలపిల్లల్లా తయారయ్యాయి.

కాఫీ గ్లాసులు తెచ్చిన అతని భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏవండీ, ఏంటది?"

"ఏమీ లేదు. అతికిస్తున్నా."

"అమ్మ బిళ్లలా! అయ్యో, అవి లేకపోతే అమ్మకి కాళ్లూ చేతులూ ఆడవు. ఇవాళే దొరికిందా మీకు?" అంటూనే గ్లాసులు కింద పెట్టి టేపు తెచ్చింది. ఆ ఇంట్లో ముందు పని, తర్వాత తిట్లు.

"ఇందులో నీలం ఏది?" అన్నాడు చిన్నల్లుడు రెండు బిళ్లలూ వెలుగుకి పట్టి.

"కొంచెం పచ్చగా ఉన్నది నీలం" అన్నారు మామగారు. "నాది నాకు తెలీదా?"

ఆయన రోజూ నొక్కే బిళ్ల కాబట్టి ఆయన మాటే నెగ్గింది. అతికించడం ముగిసేలోగా పెద్దల్లుడు తిరిగి వచ్చి, స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, కంప్యూటర్ పెట్టె మీద చేయి వేసి చూశాడు.

"చల్లగానే ఉంది కదా. ఇక భయం లేదు" అంటూ ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. కాఫీ గ్లాసు ఎత్తేలోగా తెర వెలిగి, బొమ్మలన్నీ వచ్చి కూర్చున్నాయి. అతని మొహం విప్పారింది.

"చూశావా తమ్ముడూ? ఎంత పాత మెషిన్! అయినా ఎంత తొందరగా లేచిందో! లైసెన్సు సిస్టం అంటే ఇదీ. నీ లినక్సు లేస్తుందా ఇలా?"

చిన్నల్లుడు కాఫీ గుటక వేశాడు. ఇంత పొగడ్త జీవితంలో మళ్లీ దొరకదు, దొరికినదాన్ని మింగడం తప్ప మార్గం లేదు.

పెద్దల్లుడు యాంటీ వైరస్ పెన్‌డ్రైవ్ పెట్టి రెండుసార్లు నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. ఒక కిటికీ తెరుచుకుని, దాన్నిండా చుక్కలు, గీతలు, ఏ భాషకీ చెందని అక్షరాలు పారాయి. మూడోసారి నొక్కితే అలాంటిదే ఇంకొకటి. అతని నుదుట చెమట పట్టింది. చిన్నల్లుడి నుదుట అప్పటికే పట్టి ఆరింది.

"తమ్ముడూ, ఇది మామూలు వైరస్ కాదు. యాంటీ వైరస్‌నే తినేసింది!"

"కాసేపు వదిలేద్దాం అన్నయ్యా. పాఠం అయ్యాక చూద్దాం."

"నీకేం తెలుసు? పాఠం మధ్యలో ఆగిపోతే? అత్తయ్య పరువేం కాను? అంతా తుడిచేసి కొత్తగా వేసేయడమే. నా దగ్గర ఉంది, లైసెన్సుది." సంచిలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు.

"తుడిచేయడమంటే?"

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. తల దువ్వుకుని, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, బడికి వెళ్లే రోజుల్లోలా తయారై ఉన్నారు.

"లోపల ఉన్నవన్నీ పోతాయి అత్తయ్యా. తప్పదు" అన్నాడు పెద్దల్లుడు, ఆపరేషన్‌కి సంతకం అడిగే డాక్టరులా.

"నా పాఠాలు అందులోనే ఉన్నాయి బాబూ. ఏడాదిగా గీసుకున్న బొమ్మలు." ఆవిడ చేతికి దగ్గర్లో ఉన్న కుర్చీ పట్టుకున్నారు. ఆ మొహం చూసి మామగారు కూడా బకెట్టు కింద పెట్టేశారు.

చిన్నల్లుడి పని కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. నోరు విప్పితే తను పోతాడు, విప్పకపోతే ఆవిడ పాఠాలు పోతాయి. లినక్సు కోసం లోకం మొత్తంతో పోట్లాడిన మనిషి, అత్తగారి మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు. నేల చూపులు చూస్తూ చెప్పేశాడు.

"అందులో వైరస్ లేదత్తయ్యా. అది... లినక్సు. నేనే వేశాను. రెండు నెలలైంది."



"లినక్సా?" అన్నాడు పెద్దల్లుడు. "మరి ఇందాక నేను పొగిడింది?"

"దాన్నే అన్నయ్యా."

పెద్దల్లుడి నోరు తెరుచుకునే ఉండిపోయింది. చిన్నల్లుడు పొద్దున్నుంచీ ఊహించుకున్నది సరిగ్గా ఆ నోరే. తీరా ఎదురుగా వచ్చాక చూసే ఓపిక లేదు.

అత్తగారు ఇద్దరల్లుళ్లనీ ఎప్పుడూ "మీరు" అనే పిలిచారు. ఆ క్షణంలో మాత్రం ఎదురుగా ఉన్నది అల్లుడు కాదు, వెనక బెంచీలో దొరికిపోయిన పిల్లవాడు.

"నన్నడిగావా?" అన్నారు.

"అదికాదత్తయ్యా, మీకు ఇబ్బంది లేకుండా..."

"ఇబ్బంది సంగతి కాదు. ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకోవచ్చు, అదే స్వేచ్ఛ అని నా చేతి అన్నం తింటూ ప్రతివారం చెబుతావు కదా. మరి నాకేది నచ్చుతుందో నన్నొక్క మాట అడిగావా?"

లినక్సు మీద ఎవరు ఏ ప్రశ్న వేసినా అతను పది జవాబులు చెప్పేవాడు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. నిజంగానే సిగ్గేసింది.

ఇలాంటి అదను పెద్దల్లుడు జారవిడుచుకునే రకం కాదు. తెరిచిన నోరు మూసి, కారు దగ్గరికి పరుగెత్తి కొత్త లాప్‌టాప్ తెచ్చాడు. షోరూం వాళ్లు మేనేజరుకిచ్చినది. అట్టపెట్టె వాసన ఇంకా పోలేదు.

"దీని మీద చెప్పండత్తయ్యా. అంతా లైసెన్సే. చీకూచింతా ఉండదు."

బల్ల మీద పెట్టి ఇంటి నెట్‌కి కలిపాడు. కలిపీ కలపగానే లాప్‌టాప్‌కి ఏదో గుర్తొచ్చినట్టయింది. తెర నీలమైపోయి, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. "మీ సిస్టం మెరుగుపడుతోంది. దయచేసి ఆపవద్దు."

"ఎంతసేపు బావగారూ?" అంది చిన్నమ్మాయి.

"ఇదిగో, అయిపోవచ్చింది."

"ఎంతయింది?"

"నాలుగు శాతం."

అందరూ నిలబడి చూశారు. చూస్తే తొందరగా అవుతుందేమోనని మామగారు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారు. అయిదు అయింది. మళ్లీ చాలాసేపు అయిదే. పెద్దల్లుడు లాప్‌టాప్‌ని బుజ్జగించాడు, మూత కొంచెం వంచాడు, ఆపి పెడదామా అని మీట మీద వేలు పెట్టి, ఆపవద్దని రాసి ఉంది కదా అని భయపడి తీసేశాడు. గోడ గడియారం మాత్రం ఎవరి లైసెన్సూ అడక్కుండా పదకొండుకి దగ్గరవుతోంది.

"అమ్మా, టైమైపోయింది" అంది చిన్నమ్మాయి. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తగారు కుర్చీ తీసుకెళ్లి పాత కంప్యూటర్ ముందు వేసుకున్నారు.

"అత్తయ్యా, అది లినక్సు!" అన్నాడు పెద్దల్లుడు.

"అయితే ఏం? నిన్నటిదాకా పనిచేసింది కదా. ఇవాళ పేరు తెలిసిందని మానేస్తుందా?"

వెలిసిపోయిన ఎరుపు దగ్గర నొక్కారు. క్లాసు తెరుచుకుంది. ఒక మూల కళ్లజోడు పెట్టుకున్న పరిశీలకురాలు, మిగతా గడుల్లో ఆవలిస్తున్న పిల్లలు. నమస్కారాలయ్యాయి. "ఇవాళ మనం భిన్నాలు నేర్చుకుందాం. పలక చూడండి" అంటూ అత్తగారు తన తెర అందరికీ కనిపించేలా పెట్టి, నీలం దగ్గర నొక్కారు.

మామగారి పేకాట పరుచుకుంది.

ఆకుపచ్చటి బల్ల మీద రాజులూ రాణులూ. పిల్లల ఆవలింతలు ఠక్కున ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నల్లుడు ముందుకి ఉరకబోతే భార్య చొక్కా కాలరు పట్టుకుని ఆపింది. మామగారు గోడకేసి తిరిగి నిలబడ్డారు.

"మేడం" అంది పరిశీలకురాలు, "మీరు పేకాట ఆడుతున్నారా?"

అత్తగారు మౌసు వదల్లేదు. వెనక్కి తిరిగి అల్లుళ్లని చూడలేదు. తెరలో పిల్లల్ని చూశారు. అందరూ నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎన్నో ఏళ్ల సర్వీసులో, భిన్నాలు అనగానే అలా కూర్చున్న క్లాసు ఆవిడకి ఒక్కటీ తగల్లేదు.

"అవును, అందరం ఆడుతున్నాం" అన్నారు. "చెప్పండి పిల్లలూ, పైకి కనిపిస్తున్న ముక్కలు ఎన్ని?"

"ఏడు!"

"ఎర్రవి?"

"మూడు!"

"అంటే ఎర్రవి ఎన్నో వంతు?"

"సగం" అన్నాడొకడు. "కాదు, ఏడింట మూడు వంతులు!" అని మిగతావాళ్లు మీద పడ్డారు.

"సరే, సగం కాదు. సగం కావాలంటే ఏం చేయాలి?"

పిల్లలు ఆలోచనలో పడ్డారు. నిజానికి అత్తగారు కూడా పడ్డారు, ఎందుకంటే ఆవిడకి పేకాట రాదు. మౌసు ఒక ముక్క మీద నుంచి ఇంకో ముక్క మీదికి తచ్చాడుతోంది. గోడకేసి తిరిగి ఉన్న మామగారు ఓరగా చూశారు. ఆట తెలిసినవాడికి అది చూస్తూ ఊరుకోవడం మంట చూస్తూ ఊరుకోవడమంత కష్టం.

"ఆ ఆఠీను రాణిని తీసి ఇస్పేటు రాజు మీద పెట్టవే! ఎంతసేపూ!"

క్లాసంతటికీ వినిపించింది.

"ఎవరు మేడం అది?" అంది పరిశీలకురాలు.

"వెనక బెంచీ పిల్లాడండీ. అడక్కుండా జవాబు చెబుతాడు" అంటూ అత్తగారు రాణిని రాజు మీద పెట్టారు. రాణి కింద ఉన్న ముక్క తిరగబడింది. డైమను. ఎరుపు.

"ఇప్పుడెన్ని?"

"ఎనిమిది! ఎర్రవి నాలుగు! సగం!" ఒకేసారి అరిచారు పిల్లలు. ఇందాక సగం అన్నవాడు కుర్చీ మీదెక్కి, తను ముందే చెప్పానన్నాడు.

ఆ తర్వాత క్లాసు ఇంకెవరి చేతిలోనూ లేదు, పూర్తిగా ఆవిడ చేతిలో ఉంది. ఒక్కో ముక్క తిరిగినప్పుడల్లా వంతు మారింది, మారినప్పుడల్లా పిల్లలు అరిచారు. ఏ ముక్క కదపాలో మామగారు చెప్పారు. కదిపితే ఎన్నో వంతో పిల్లలు చెప్పారు. కాసేపటికి కళ్లజోడు సర్దుకుంటూ "మేడం, ఆ నల్ల తొమ్మిదిని కూడా..." అంది పరిశీలకురాలు. అని, తనే నాలుక కరుచుకుంది. గంట ఎప్పుడయిందో ఎవరూ చూసుకోలేదు. "రేపు కూడా ఇదే మేడం కావాలి" అని కుర్చీ ఎక్కినవాడు గొడవ చేస్తుండగా పిల్లల్ని పంపించేశారు.

"మిమ్మల్ని తీసుకుంటున్నామండీ" అంది పరిశీలకురాలు. "రేపటి నుంచే."

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సింది కళ్లజోడు కాదని అందరికీ తెలిసింది. చిన్నమ్మాయి వెళ్లి తల్లి భుజం మీద చేయి వేసింది. చిన్నల్లుడికి గుండెల మీంచి బండ దిగింది. దిగిన వెంటనే పాత మనిషి మేలుకున్నాడు. ఎంతైనా లినక్సు మీదే కదా పాఠం గెలిచింది! తోడల్లుడి వైపు గడ్డం ఎత్తి చూశాడు.

"ఒక చిన్న సంగతి" అంది తెరలోంచి పరిశీలకురాలు. "ఇవాళ పరీక్ష కాబట్టి లింకుతో నడిపించాం. రేపటి నుంచి మా బడి ప్రోగ్రాం వేసుకోవాలి. అది లైసెన్సు ఉన్న మామూలు సిస్టంలోనే పనిచేస్తుంది. లినక్సు లాంటివాటిలో ఎక్కదు. మీదేంటి మేడం?"

గడ్డం దిగింది.

"చెప్పలేదూ!" అని పెద్దల్లుడు తొడ చరవబోయాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీది లాప్‌టాప్ చుక్కలు ఆపింది. "మెరుగుదల కుదరలేదు. చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం. దయచేసి ఆపవద్దు" అని చెప్పి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. చరవబోయిన చేయి గాల్లోనే ఆగింది.

కంప్యూటర్ ఆపేశాక చిన్నల్లుడు అత్తగారి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యా, మిమ్మల్నే అడుగుతున్నా. ఏది వెయ్యమంటారు?"

"ఈ ఇంట్లో నన్నీ మాట అడగడం ఇదే మొదలు" అన్నారావిడ. "నాకు పిల్లలు కావాలి బాబూ. వాళ్లు దేంట్లోంచి కనిపిస్తే అది వెయ్యండి."

ఆ సాయంత్రం చిన్నల్లుడు తన చేత్తో తన లినక్సుని తుడిచేశాడు. పాఠాలన్నీ భద్రంగా పక్కకి తీసి, పెద్దల్లుడి లైసెన్సు పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ సిస్టం ఎక్కించి, కొత్త బిళ్లలు అంటించి, అత్తగారి చేత ఒక్కొక్కటీ నొక్కించి చూశాడు. ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. బడి ప్రోగ్రాం శుభ్రంగా పనిచేసింది. బాగానే ఉందని ఒప్పుకోక తప్పలేదు.

మేడమెట్ల దగ్గర పెద్దల్లుడు కాచుకుని ఉన్నాడు. చంకలో లాప్‌టాప్. అది ఇంకా వెనక్కి తీసుకుంటూనే ఉంది.

"తమ్ముడూ" అన్నాడు గొంతు తగ్గించి, "పొద్దున చూశాను, ఆ ముసలి మెషినే అంత చురుగ్గా లేచిందే. ఇందులో కూడా పడుతుందా అది? షోరూంలో ఎవరికీ తెలియకూడదు సుమా."

పై ఆదివారం అత్తగారు ఆన్‌లైన్ బడి పిల్లలకి లెక్కలు చెబుతూ తలుపు వేసుకుంటే, ఇవతల తోడల్లుళ్లిద్దరూ మామూలు మనుషులకి ఏ సిస్టం మంచిదో పప్పు దగ్గర మొదలుపెట్టి పెరుగు దాకా వాదించుకున్నారు. మాటలు పాతవే, కాకపోతే ఈసారి ఒకరి మాటలు ఒకరు అన్నారు.